కడపలో ఉండి భూకంపాల జియాలజిస్ట్ అవ్వడం ఎట్లా?

ముందు మీ ఇంట్లో పరిచిన కడప బండ మీద కాసిని నీళ్లు చల్లండి. నలుపు ముదిరి, రాయిలోని తెల్లటి గీతలు తేలతాయి, ఎప్పుడో పడిన పగుళ్లలో కాల్సైట్ అనే తెల్లటి ఖనిజం పేరుకుని ఏర్పడినవి అవి. ఒక గీత ఇంకో గీతను అడ్డంగా కోసిన చోటు వెతకండి. కోసిన గీత తర్వాత పుట్టింది. తెగిన గీతలో రెండో ముక్క వేలెడు పక్కకు జరిగి ఉంటే, ఆ పగులు వెంట రాయే కదిలిందన్నమాట. ఒక్క బండను చూసి అక్కడ భూకంపం వచ్చిందనకూడదు, కానీ కొండంత ఫాల్ట్ (రాయి విరిగి, రెండు వైపులూ ఒకదాన్నొకటి దాటి జరిగిన పగులు) దగ్గర అడగాల్సిన ప్రశ్నలూ ఇవే: ఏది ముందు, ఏది తర్వాత, ఎంత జరిగింది? స్కేలు పెట్టి నోట్‌బుక్‌లో బొమ్మ గీయండి, ఫోటో ఒక్కటే చాలదు, గీసేటప్పుడే కన్ను నిలుస్తుంది.

బ్రిటిష్ జియాలజిస్ట్ రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ బతుకంతా ఇట్లాంటి చూపే. 1879లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరాడు. 1869 కచార్ భూకంపం మీద తండ్రి థామస్ రాసిపెట్టి పోయిన రిపోర్టును సరిచేసి అచ్చు వేయించాడు, అదే ఆయనకు బడి అయిందనుకుంటాను. 1897 జూన్ 12న అస్సాం, షిల్లాంగ్ ప్రాంతం అల్లాడినప్పుడు, విరిగిన స్తంభాలు, పడిన గోడలు, నేల మీద తేలిన ఫాల్ట్ అన్నీ తిరిగి నమోదు చేసి 1899లో పెద్ద రిపోర్టు ఇచ్చాడు. చెడ్రాంగ్ ఫాల్ట్ దగ్గర నేల దాదాపు 10 మీటర్ల ఎత్తు తేడాతో విరిగింది. తర్వాత దూరదేశాల్లో పరికరాలు గీసిన గీతలు చూసి భూకంపపు తరంగాల్లో ముందు వచ్చే పి, వాటి వెనక వచ్చే ఎస్, ఆఖరున వచ్చే ఉపరితల తరంగాలను విడదీశాడు, 1906లో భూమికి లోపల కోర్ (నడిమి గుండు) ఉందని వాటితోనే చూపించాడు. నేల మీద నడిచిన మనిషే అంత లోతుకు చేరాడు, అందుకే పరికరాల కంటే ముందు కాళ్లకు పని చెప్పండి అంటాను.

రెండో పని, దిక్కు, వాలు రెండూ కొలిచే క్లైనోమీటర్ కాంపస్ ఒకటి సంపాదించి గండికోట పోండి. పెన్నా కోసిన లోయలో క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొరలు పుస్తకాలు పేర్చినట్టు ఉంటాయి. పొర ఏ దిక్కుకు పోతోంది, ఎంత వాలింది, నిలువు పగుళ్లు ఏ దిక్కున ఉన్నాయి, కనీసం 30 కొలతలు రాయండి. అంచు దగ్గర జాగ్రత్త, ఒంటరిగా పోవద్దు.

చదువు సంగతి సూటిగా చెప్తా. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే దారులు ఎక్కువ, ఎందుకంటే తరంగాలంటేనే లెక్కలు, ఫిజిక్సు. డిగ్రీలో జియాలజీ, ఆ తర్వాత ఎమ్మెస్సీకి ఐఐటీలకైతే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, లేదంటే కడపలో యోగి వేమన, తిరుపతిలో ఎస్వీ, విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ ఉన్నాయి. జియలాజికల్ సర్వేలో ఉద్యోగానికి యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్ష, రీసెర్చ్‌కి సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్. హైదరాబాద్‌లో భూమి లోపలి సంగతులు పరిశోధించే జాతీయ సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, మనకు రాత్రి బస్సు దూరం. ఒకసారి పరీక్ష పోయిందని టెన్షన్ పడి వదిలేయకండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ సిలబస్‌లో పెట్టరు. మన దగ్గర పెద్ద భూకంపాలు రావులే అంటారు కదా, మహారాష్ట్రలోని కిల్లారిలోనూ అదే నమ్మకం, అప్పటి భూకంపాల మ్యాపులో అది ప్రమాదం అన్నిటికంటే తక్కువున్న జోన్ 1. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో కదిలింది, రాళ్లు, మట్టితో కట్టిన మందపాటి గోడలు, వాటి మీద బరువైన మట్టి కప్పులు నిద్రలో ఉన్న జనం మీద పడి వేల మంది పోయారు. మన మట్టి మిద్దెలు గుర్తొస్తున్నాయా? మీ ఊళ్లో అట్లాంటివి ఎన్ని మిగిలాయి, దూలం గోడ మీద ఎంత లోపలికి కూర్చుంది, మూలల్లో రాళ్లు ఒకదానికొకటి పట్టు ఉన్నట్టు పేర్చారా లేదా, ఇంటి పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు, టేపు, నోట్‌బుక్ ఉంటే చాలు.