దగ్గరి జింక, దూరపు తూటా: సీజన్‌కు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

టెక్సస్‌లో తెల్లతోక జింకల సాధారణ వేట సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. దసరా దాటిందంటే హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్లు వస్తాయి, ఎందుకంటే డాలస్, ఆస్టిన్ వైపు స్థిరపడిన మన పిల్లల్లో ఆఫీసు స్నేహితుల వెంట తొలిసారి వేటకు వెళ్లేవారు ఏటా కొందరుంటారు. అందరూ అడిగేది ఏ తుపాకీ మంచిదని. నిజానికి యాభై గజాల లోపు జరిగే వేటలో తుపాకీ కన్నా తూటా ఎలాంటిది, అది జంతువు ఒంట్లో ఎక్కడ దిగుతుంది అన్నవే ముఖ్యం.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇదంతా అక్కడి సంగతి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడడం జైలుకు పంపే నేరం. వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలిలో మనం పిల్లలకు చూపించే చుక్కల దుప్పినే 1930లలో టెక్సస్‌కు తీసుకుపోయారు, ఇప్పుడది అక్కడ ఏడాది పొడవునా వేటాడదగిన జంతువు. ఒకే జంతువు, రెండు చట్టాలు. కాబట్టి అక్కడ నేర్చినది అక్కడే వదిలి రావాలి.

హెచ్-1బి, విద్యార్థి వీసా లేదా సందర్శక వీసా మీద ఉన్నవారు తూటాల గురించి ఆలోచించే ముందు కాగితాలు చూసుకోవాలి. వలసేతర వీసా ఉన్నవారు తుపాకీని గాని, తూటాలను గాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధించింది, అయితే ఏదైనా ఒక రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇచ్చింది. స్నేహితుడి రైఫిల్‌ను గురి సాధన చేసే రేంజ్‌లో కాసేపు చేతిలోకి తీసుకున్నా ఇదే నియమం వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు, అందుకే లైసెన్సు ముందు, రైఫిల్ తరువాత. 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు టెక్సస్‌లో వేట శిక్షణ కూడా పూర్తిచేయాలి.

ఇక తూటా. వేట తూటా పని తగిలిన చోట పుట్టగొడుగులా విచ్చుకుని, వెడల్పైన గాయం చేస్తూ లోపలికి, వీలైతే అవతలి పక్కకు పోవడం. పూర్తిగా రాగి తొడుగు వేసిన సైనిక తరహా తూటా విచ్చుకోదు, సూదిలా దూరి పోతుంది, జంతువు గంటల తరబడి నరకయాతన పడుతుంది, కాబట్టి చవకగా దొరికినా అది వద్దు. దీనికి సరిగ్గా ఎదురు చిక్కు దగ్గరి దూరంలో ఎదురవుతుంది. తూటా తుపాకీ గొట్టం దాటిన క్షణంలోనే దాని వేగం గరిష్ఠంగా ఉంటుంది. మూడు వందల గజాల అవతల నెమ్మదించాక చక్కగా విచ్చుకోవాలని పలుచటి తొడుగుతో తయారుచేసిన తేలిక తూటా, ముప్పై గజాల్లో సెకనుకు 3,000 అడుగుల వేగంతో ఎముకకు తగిలితే విచ్చుకోదు, చిట్లిపోతుంది.

ఇది నా అనుభవమే. టెక్సస్‌లో మా మేనల్లుడితో కలిసి మంచె మీద కూర్చున్న ఒక సాయంత్రం, ముప్పై గజాల్లో ఒక మగజింక అడ్డంగా నిలబడింది. "మామా, దగ్గరే కదా, కొట్టేయ్" అన్నాడు వాడు. నా చేతిలో .270 రకం వేగమైన రైఫిల్, అందులో 130 గ్రెయిన్ల, అంటే సుమారు ఎనిమిదిన్నర గ్రాముల మామూలు మెత్తటి మొన తూటా, గురి పెట్టింది నేరుగా జబ్బ ఎముక మీద. తూటా ఎముక పైనే పగిలి, అరచేతి వెడల్పున మాంసాన్ని గుల్లచేసి, రొమ్ములోకి ముక్కలు మాత్రమే పంపింది. ఆ జింకను వాగు ఒడ్డున వెతికి పట్టుకునేసరికి రాత్రి తొమ్మిదైంది. ఆ జబ్బంతా నల్లటి నెత్తురు గడ్డలు, సీసపు పొడి. వండడానికి పనికిరాక పారేశాం. తప్పు తూటాది కాదు, అది పనికిరాని చోట వాడిన నాది.

అందువల్ల దగ్గరి వేటకు రెండు దారులున్నాయి. ఒకటి, నెమ్మదైన బరువు తూటా: సెకనుకు 2,200 అడుగుల వేగంతో బయలుదేరే 170 గ్రెయిన్ల .30-30 వంటిది, 1895 నాటి ముసలి గుండే అయినా, గుబురు అడవిలో ఈనాటికీ దాని మర్యాద దానికుంది. రెండవది, వేగమైన రైఫిలే ఉన్నట్లయితే, సీసాన్ని రాగి తొడుగుకు అతికించి చేసిన తూటా గాని, పూర్తిగా రాగితోనే చేసినది గాని వాడడం. రాగి తూటాకు ఇంకో సుగుణం ఉంది, మాంసంలో సీసపు రవ్వలు మిగలవు. ఇంట్లో పసిపిల్లలకు ఆ మాంసం వండేవారు దీన్నే ఎంచుకోవడం మేలు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం లేని తూటాలే వాడాలి. ఏది కొన్నా, సీజన్‌లో వాడబోయే పెట్టెలోని తూటాలతోనే గురి సరిచూసుకోవాలి గాని, చవక తూటాలతో సరిచూసి ఖరీదైనవాటితో వేటకు వెళ్లరాదు.

గచ్చిబౌలి వైపు రేంజ్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకున్నవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక చెప్పాలి. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, అదీ బొమ్మ నట్టనడుమ. ఏళ్ల తరబడి నడిమధ్యను చూసిన కన్ను జింక మీద కూడా నడిమధ్యకే పోతుంది, కాని పక్కగా నిలబడ్డ జింక ఒంటి నడిమధ్యన ఉండేవి కాలేయం, పొట్ట. అక్కడ తగిలితే జంతువు చాలాసేపు బాధపడుతుంది, మీకు మాంసమూ దక్కకపోవచ్చు. గురి ముందుకు జరగాలి: ముందు కాలి వెనుక అంచు వెంబడి కన్నును పైకి తీసుకెళ్లి, రొమ్ము ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపాలి. ఆ చోట రెండు ఊపిరితిత్తులూ వస్తాయి, కాస్త కిందికి జారినా గుండె ఉంటుంది. ఎనిమిది పది అంగుళాల ఆ మేర, అంటే ఓ భోజనం పళ్లెమంత చోటు, తొలిసారి వెళ్లేవారికి చాలినంత. జింక ఏటవాలుగా అవతలికి తిరిగి ఉంటే, అవతలి ముందు కాలిని మనసులో పెట్టుకుని, తూటా డొక్క వెనుక నుంచి ఆ కాలి వైపు ప్రయాణించేలా కాల్చాలి. ఎదురుగా నిలబడితే ఆగాలి, వెనుక తిరిగితే అసలు కాల్చకూడదు. దగ్గరే కదా అని తలకు గురిపెట్టేవారున్నారు; మెదడు చిన్నది, తల క్షణం కుదురుగా ఉండదు, దవడ విరిగిన జింక మేత మేయలేక రోజుల తరబడి కృశించి చస్తుంది.

దగ్గరి దూరంలో స్కోప్, అంటే రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి కూడా మోసం చేస్తుంది. అది గొట్టానికి అంగుళంన్నర పైన ఉంటుంది కాబట్టి, వంద గజాలకు సరిచేసిన రైఫిల్ ఇరవై గజాల్లో సుమారు అంగుళం కిందికి కొడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, స్కోప్‌ను తొమ్మిది రెట్ల వద్ద వదిలేయడం: అప్పుడు అద్దంలో కనబడేది జింక కాదు, గోధుమ రంగు వెంట్రుకలు. మూడు రెట్లకు తగ్గించి కూర్చోవాలి. అడ్డంగా చిన్న కొమ్మ ఉన్నా ఆగాలి, ఎంత బరువైన తూటా అయినా కొమ్మ తగిలితే దారి తప్పుతుంది.

మంచె మీద నుంచి కాల్చేటప్పుడు జింక మరీ చెట్టు మొదట్లోకి వస్తే, తూటా వీపు నుంచి నిట్టనిలువుగా దిగి ఒక్క ఊపిరితిత్తికే తగలవచ్చు. అది పది ఇరవై గజాలు అవతలికి నడిచేదాకా ఓపిక పట్టాలి. మంచె ఎక్కేటప్పుడు రైఫిల్ ఖాళీగా, తాడుతో, గొట్టం కిందికి ఉండేలా పైకి లాగాలి, ఒంటికి భద్రతా పట్టీ (హార్నెస్) కట్టుకున్న తరువాతే తూటా పెట్టాలి. జింక వెనుక మట్టి ఉందో, మరో జింక ఉందో, మనిషి ఉన్నాడో చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టరాదు.

కాల్చాక వెంటనే పరుగెత్తకండి. బాగా తగిలిన జింక కూడా వంద గజాలు పరుగెత్తి పడిపోవచ్చు. అరగంట ఆగి, అది నిలబడిన చోట నెత్తురు చూడండి: లేత ఎరుపుతో నురగ ఉంటే ఊపిరితిత్తులు, ముదురు ఎరుపైతే కాలేయం, పచ్చటి జిగురు కలిస్తే పొట్ట. చివరి రెండింటికి గంటల కొద్దీ ఆగాలి, వెంటపడితే గాయపడ్డ జంతువు మైళ్లు పోతుంది.

తిరుగు ప్రయాణంలో కొమ్ములు తేవద్దు, శంషాబాద్‌లో కస్టమ్స్ అడిగే ప్రశ్నలకు సమాధానం ఉండదు. వేటకు వాడిన కోటు, సంచీ అక్కడే వదిలి రావడం ఇంకా మంచిది, ఎందుకంటే మరచిపోయిన ఒక్క తూటా బ్యాగులో దొరికినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. నేను ప్రతిసారీ జేబులన్నీ తిరగేసి దులుపుతాను, అస్తరులోకి జారిన తూటా రెండుసార్లు దొరికింది.