గ్రావెల్ సైక్లింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఇసుక రాకముందే

గ్రావెల్ సైక్లింగ్ అంటే మట్టి, కంకర బాటల మీద సైకిల్ తొక్కడం. పోయిన పాఠంలో టైర్ల వెడల్పు గురించి చెప్పుకున్నాం. 40 మిల్లీమీటర్ల టైర్లు వేయించుకున్నవాళ్ళూ, ఇంట్లో ఉన్న పాత ఎంటీబీతో (మౌంటెన్ బైక్) సరిపెట్టుకున్నవాళ్ళూ ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. సన్న టైర్ల రేసింగ్ సైకిల్ ఉన్నవాళ్ళు మాత్రం ఈ వారం చదివి ఊరుకోండి.

ఈసారి సాధనకి ఎంచుకున్నది భీమిలి తీరం. భీమిలి దగ్గర గోస్తనీ నది దాటి ఉత్తరంగా వెళ్తే చేపలకంచేరు, ముక్కాం, ఆ పైన కోనాడ. అక్కడ చంపావతి సముద్రంలో కలుస్తుంది. ఊళ్ళ మధ్య తారు రోడ్లున్నాయి. మనకి కావలసినవి వాటి పక్కన సరుగుడు తోటల్లోంచి, జీడిమామిడి తోటల గట్ల వెంబడి పోయే మట్టిబాటలు. ఎర్రమట్టి, కంకర, సముద్రపు ఇసుక, మళ్ళీ తారు... ఇన్ని రకాల నేల ఇంత దగ్గర దగ్గరగా దొరకడం అరుదు. భోగాపురం విమానాశ్రయం వల్ల ఆ వైపు రోడ్లు, రద్దీ బాగా మారాయి. పాత మ్యాపుని నమ్ముకోకుండా ఊళ్ళో అడిగి కదలండి.

నేర్చుకోవాల్సింది ఒక్కటే. నేల మారే చోటుకి పది పదిహేను మీటర్ల ముందే గేరు, వేగం, కూర్చునే తీరు మార్చుకోవాలి. ఇసుకలో దిగాక గేరు మార్చబోయినా, హ్యాండిల్ తిప్పబోయినా, బ్రేకు పట్టినా సైకిల్ పక్కకి ఒరుగుతుంది.

ముందు గాలి సంగతి

పంక్చర్ షాపులో "ఎన్ని పాయింట్లు పెట్టమంటారు?" అని అడిగితే "ఫుల్‌గా కొట్టెయ్" అనడం మనకి అలవాటు. (పాయింటు అంటే ఒక పీఎస్ఐ, గాలి ఒత్తిడి కొలత.) మట్టిబాట మీద ఆ అలవాటే ఇబ్బంది పెడుతుంది. గట్టిగా ఉబ్బిన టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది. ఎగిరినంతసేపూ నేలమీద దానికి పట్టు ఉండదు. గాలి కాస్త తక్కువైతే టైరు రాయి చుట్టూ ఒదిగి, దాన్ని మింగేసినట్టు దాటిపోతుంది.

70 కిలోల మనిషి, 40 మిల్లీమీటర్ల టైరు, లోపల ట్యూబు అనుకుందాం. తారు, గట్టి మట్టి కలిసిన దారికి 38 పాయింట్లతో మొదలుపెట్టండి. కంకరకి 33 చాలు. ఇసుక ఎక్కువ ఉన్న దారైతే 27 దాకా దిగవచ్చు. వెనక టైరు మీద బరువు ఎక్కువ కాబట్టి దానికి రెండు మూడు పాయింట్లు కలపండి. మీ బరువు ఇంకా ఎక్కువైతే అంకెలూ పెరుగుతాయి. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబులెస్ వాళ్ళకి ఈ బాధ తక్కువ. అయినా రిమ్ము సొట్టపడే ప్రమాదం ఉండనే ఉంది.

షాపులోని కంప్రెసర్ మోటార్‌సైకిళ్ళకీ లారీలకీ పెట్టింది. దాని మీటర్ మన చిన్న అంకెల దగ్గర సరిగ్గా చూపిస్తుందన్న నమ్మకం లేదు. పైగా సన్న వాల్వు ఉన్న ట్యూబుకి దాని మూతి పట్టదు. మీటర్ ఉన్న కాలిపంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఈ ఆటకి పెట్టే ఖర్చుల్లో అది అన్నిటికంటే దండగ కానిది. ఖరీదైన జెర్సీ తర్వాత చూసుకోవచ్చు.

ఇసుకలో

ముందు చెవితో మొదలుపెడదాం. కంకర మీద పోతున్నంతసేపూ టైరు కింద కరకర వినిపిస్తుంది. ఇసుక పల్చగా పరుచుకున్న చోటికి రాగానే ఆ శబ్దం మెత్తబడి సర్రుమంటుంది. కంటికి ఇంకా ఎర్రమట్టే కనిపిస్తున్నా, కింద నేల మారిందని అర్థం. సరుగుడు తోటల్లో ఇది మరీ మోసం. రాలిన ఆకు దట్టంగా పరుచుకుని ఇసుకని కప్పేస్తుంది, బాట గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇసుక కనిపించగానే, ఇంకా గట్టి నేల మీద ఉండగానే, రెండు గేర్లు తేలిక చేసుకోండి. తుంటిని సీటు మీద కాస్త వెనక్కి జరపండి, ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది. మోచేతులు వదులు చేయండి. చూపు ముందు చక్రం మీద కాకుండా ఇసుక ఎక్కడ అయిపోతుందో అక్కడ ఉండాలి. ఇక తొక్కుతూనే ఉండండి. కాళ్ళు ఆగాయా, బండీ ఆగిందే. ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది, కొట్టుకోనివ్వండి. దాన్ని బలవంతంగా సరిచేయబోయినవాళ్ళే పడతారు. బిగపట్టిన వేళ్ళు, టెన్షన్‌తో లేచిన భుజాలు మొదటి రోజుల్లో అందరికీ ఉంటాయి. పళ్ళు బిగించడం మానేస్తే భుజాలు వాటంతట అవే దిగుతాయి.

ఆగిపోతే దిగి నడవండి. లోతు ఇసుకలో అర కిలోమీటరు నడిపించుకుని పోవడం కూడా గ్రావెల్ సైక్లింగే.

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నీటి అంచున తడి ఇసుక గట్టిపడి, సైకిల్‌కి మంచి బాట అవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ వెనక్కి పోతుంది, అంతే ముందుకీ వస్తుంది. ఆటుకీ పోటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. వెళ్ళిన దారే తిరిగి వచ్చేసరికి ఉండకపోవచ్చు, జాలరుల్ని అడిగి దిగండి. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో చైనూ బ్రేకులూ కడిగి, ఆరాక చైనుకి నూనె పెట్టకపోతే ఉప్పు వాటిని తినేస్తుంది. శీతాకాలం చివరి నుంచి వేసవి మొదలయ్యే దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో పొడి ఇసుక మీదికి చక్రం ఎక్కించకండి, చీకట్లో అసలు దిగకండి.

జాలరి ఊళ్ళలో బాట మీదే వలలు, ఎండుచేపలు ఆరబెడతారు. నైలాన్ వల దారం వెనక గేర్లలో చుట్టుకుంటే వలా పోతుంది, మీ గేరూ పోతుంది. దిగి, "అమ్మా, ఇటు పక్కనుంచి వెళ్ళొచ్చా?" అని అడగండి. సాధారణంగా వాళ్ళే చేత్తో దారి చూపిస్తారు.

కంకర, దిగుడు

గట్టి ఎర్రమట్టి మీద చిన్న గులకలు పరుచుకున్న బాట చూడ్డానికి నున్నగా ఉంటుంది, మలుపు తిరిగేటప్పుడు మాత్రం గోలీల మీద నడిచినట్టే. బ్రేకు పని అంతా మలుపుకి ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. మలుపులో ముందు బ్రేకు వద్దు. ట్రాక్టర్ చక్రాలు తొక్కిన చాలులో గులకలు పక్కకి పోయి ఉంటాయి, అందులోనే పోండి. దిగుడులో పెడళ్ళు నేలకి సమానంగా ఉంచి, సీటు మీంచి కొద్దిగా లేచి, మోకాళ్ళు వంచండి.

విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్ళు దీనికి ముందుగా తొట్లకొండ రోడ్డు వాడుకోవచ్చు. అది తారు రోడ్డే. బ్రేకు మీద చెయ్యి కుదరడానికి మొదట అదే మేలు. పైన బౌద్ధ విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, ఎదురుగా సముద్రం. 1970లలో నౌకాదళం సర్వేలో ఈ చోటు బయటపడింది, తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. సెలవు రోజు సాయంత్రం మాత్రం కార్ల రద్దీలో సాధన కుదరదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర

భీమిలికి కాస్త ముందు, బీచ్ రోడ్డు పక్కనే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళుగా గాలీ నీరూ మోసుకొచ్చిన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాన నీరు కోసిన గెడ్డల అంచులు గోడల్లా నిలబడి ఉంటాయి. చూడగానే సైకిల్ దింపాలనిపిస్తుంది. దింపకండి. ఆ ఇసుక గట్టిగా అతుక్కుని లేదు, చక్రం చేసిన గాడిలోంచి వచ్చే వానకి నీరు దూకి కొత్త కోత మొదలవుతుంది. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ చేరింది. జాబితాలో ఉన్నా లేకపోయినా నా మాట అదే: సైకిల్ రోడ్డు పక్కన పెట్టి, తాళం వేసి, నడిచి చూడండి. "గ్రావెల్ బైక్ ఎక్కడికైనా పోతుంది" అనే ప్రకటనల మాట ఇక్కడ చెల్లదు.

భీమిలి ఊళ్ళో డచ్చివారి సమాధులున్నాయి. 17వ శతాబ్దంలో ఇక్కడ వాళ్ళు వర్తక స్థావరం పెట్టుకున్నారు, 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి వెళ్ళింది. నీళ్ళ సీసాలు నింపుకోవడానికి ఆగే చోట దీనికీ ఓ పావుగంట కేటాయించండి.

ఒక్క హెచ్చరిక, గాలి గురించి. వేసవిలో ఈ తీరాన గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. కోనాడ వైపు వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంటే మన కాళ్ళలో బలం వచ్చిందనుకుంటాం. తిరుగుదారిలో అదే ఎదురుగాలి, పైగా ఎండ. తెల్లవారుతూనే బయల్దేరి, సగం నీళ్ళు తిరుగుదారికి అట్టేపెట్టుకోండి.

ఈ వారం సాధన

20 మీటర్ల ఇసుక పట్టీ ఒకటి వెతుక్కోండి. అదే గేరులో, అదే వేగంతో మూడుసార్లు దాటండి. మొదట 36 పాయింట్లు, తర్వాత 31, ఆఖరికి 27. గాలి తగ్గించడం క్షణం పని, చేతిపంపుతో మళ్ళీ నింపడం చాలాసేపు. అందుకే పై అంకె నుంచే మొదలుపెట్టమంటున్నాను. ఎక్కడ చక్రం కూరుకుపోయిందో, ఎక్కడ తేలిగ్గా దాటారో రాసిపెట్టుకోండి. మీ బరువుకి, మీ టైరుకి పనికొచ్చే అంకె అందులోంచే వస్తుంది, నేను చెప్పిన అంకెల్లోంచి కాదు.

వచ్చే పాఠం దారిలో పంక్చర్ అయితే ఏం చేయాలన్నది. ఈలోగా ఒక స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే రెండు టైర్ లివర్లు, చిన్న చేతిపంపు కొనిపెట్టుకోండి. ట్యూబు వాల్వు మీ రిమ్ము రంధ్రంలో పడుతుందో లేదో షాపులోనే పెట్టి చూసుకోండి.