పాత ఫొటో చదవడం – 5వ పాఠం: పడవల యార్డులో షావుకారు ఎవరు?

ముందు గత పాఠం అభ్యాసానికి జవాబు. ఫొటో వెనక "కీలక, మార్గశిరం" అని తప్ప మరేమీ లేకపోతే అది ఏ ఏడాది అని అడిగాం. కీలక నామ సంవత్సరం 1908-09లో వచ్చింది, మళ్లీ 1968-69లో వచ్చింది. మార్గశిరం కాబట్టి 1908 చివర గాని, 1968 చివర గాని. హైదరాబాదు వాళ్లకు కీలకను గుర్తుపెట్టుకోవడం తేలిక: మూసీ వరద, 1908 సెప్టెంబరు 28, ఆ ఏడాదే.

ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి చీకటి గదిలో 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేసి కాగితం అంచు చూడాలి. అంచు నీలంగా మెరిస్తే కాగితంలో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టు. ఫొటో కాగితాల్లోకి అది 1950ల నుంచి వచ్చింది కాబట్టి ఆ కాగితం 1908 నాటిది కాదు. "కాగితం" అన్నాం, "ఫొటో" అనలేదు. 1908 నాటి ఫొటోను 1968లో స్టూడియోలో కాపీ తీయించుకున్నా అంచు అలాగే మెరుస్తుంది. పాత ఫొటో మీది గీతలు, మడతలు ముట్టుకుంటే తగలకుండా బొమ్మలో భాగంగా అచ్చయి ఉంటే, నీడలు మసకగా ఒకే ముద్దలా ఉంటే, అట్ట అంచు బొమ్మలోపల కనిపిస్తే అది కాపీ. చాలామంది మెరుపు చూడగానే ఆగిపోయి ఇక్కడే తప్పు చేస్తారు.

ఇక ఈనాటి పాఠం. తాళ్లరేవు, కోరంగి, యానాం, కాకినాడ వైపు నుంచి హైదరాబాదుకు వచ్చి స్థిరపడిన కుటుంబాల దగ్గర ఒక రకం ఫొటో తరచూ ఉంటుంది. సగం కట్టిన కొయ్య పడవ, దాని ముందు పది పదిహేనుమంది, మధ్యలో రెండు మూడు కుర్చీలు. జుమ్మేరాత్ బజార్‌లో పాత ఆల్బమ్‌లు తిరగేసినా ఇలాంటివి దొరుకుతాయి. "మధ్యలో కూర్చున్నది యార్డు ఓనరు, మా తాతగారు" అని ఇంట్లో చెప్తారు. నిజం కావచ్చు, కాకపోవచ్చు.

పెన్సిలు పట్టేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఏ దానికి ఓనరు? పడవ కట్టించుకునే షావుకారు ఒకరు, కట్టే స్థలం హక్కుదారు ఒకరు, కూలీలను పెట్టుకుని పని ఒప్పుకున్న మేస్త్రీ ఒకరు. ముగ్గురూ ఒక్కరే అయిన సందర్భాలున్నాయి, ముగ్గురూ వేరైన సందర్భాలూ ఉన్నాయి. పడవలో నలుగురైదుగురు వాటాలు పెట్టుకుంటే "ఓనరు" అనే మాటే నలుగురికీ వర్తిస్తుంది. ఈ ప్రశ్న వేసుకోకుండా ముఖం చూసి పేరు రాస్తే, తర్వాతి తరం ఆ పేరునే సాక్ష్యంగా పట్టుకుంటుంది. పడవ మీద రాసిన పేరు కూడా ఇందులో సాయం చేయదు. అది చాలాసార్లు ఇష్టదైవానిదో, తల్లిదో, కూతురిదో అయ్యుంటుంది. ఎవరు కట్టించారో చెప్పొచ్చు గాని యార్డు ఎవరిదో చెప్పదు.

ఇప్పుడు స్కానింగు. పోస్టుకార్డు సైజు ఫొటోను 1200 డీపీఐలో, పెద్దవాటిని 600లో, 16 బిట్ల టిఫ్ ఫైలుగా తీయండి. వెనక వైపు తప్పకుండా తీయాలి, అది రంగులోనే తీయాలి. వెలిసిన గోధుమరంగు సిరా రాత కనిపించకపోతే ఫైలును మూడు రంగుల పొరలుగా విడదీసి నీలం పొర ఒక్కటే చూడండి; ఆ పొరలో సిరా నల్లగా తేలుతుంది. సిరా లేకుండా అద్దిన స్టూడియో ముద్ర, చెరిపేసిన పెన్సిలు రాత కోసం ఫొటోను బల్ల మీద పరచి, ఫోను టార్చిని దాదాపు బల్లకు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. నాలుగు దిక్కుల నుంచీ వేసి చూడాలి. ఒక దిక్కున పూర్తిగా దాక్కున్న గీత మరో దిక్కున పడుతుంది.

తర్వాత ఫొటో తిరగబడి అచ్చయిందా చూడండి. నెగెటివును తలకిందులుగా కాదు, వెనక్కి తిప్పి పెట్టి అచ్చు వేస్తే కుడి ఎడమలు మారిపోతాయి, వరసలు లెక్కపెట్టేటప్పుడు కొంప మునుగుతుంది. పడవ మీద అక్షరాలుంటే ఇట్టే తెలుస్తుంది. లేకపోతే చొక్కా గుండీలు చూడండి: మగవాళ్ల చొక్కాకు ఎడమ పట్టీ పైన ఉంటుంది. జంధ్యం ఎడమ భుజం మీద నుంచి కుడి పక్కకు జారాలి. పితృకార్యం అయితే తప్ప. పడవ నీళ్లలోకి దింపే రోజున ఎవరూ పితృకార్యం చేయరు కాబట్టి ఇక్కడ ఆ అనుమానం అక్కర్లేదు.

ఇక మనుషులు. పడవల దగ్గర నిలబడేవాళ్లలో కనీసం అయిదు రకాలుంటారు: షావుకారు, గుమస్తా, మేస్త్రీ, సరంగు, కళాసీలు (పడవ పనివాళ్లు). మేస్త్రీని పట్టుకోవడం అందరికంటే సులభం. చేతిలో బాడిసో, మడత కొలబద్దో ఉంటుంది, లేదా చెవి వెనక పెన్సిలు ఉంటుంది. అవేమీ లేకపోయినా చేతులు చూడండి: పెద్దది చేసి చూస్తే వేళ్ల కణుపులు, గోళ్లు చెప్తాయి. గుమస్తా చంకలో గొడుగో, పద్దుల పుస్తకమో ఉంటుంది. సరంగు పడవ నడిపేవాడు. కొత్త పడవ ఫొటోలో చాలాసార్లు పడవ మీదే, చుక్కాని వైపు నిలబడి ఉంటాడు. పడవ కిందకు దిగకుండా ఫొటో దిగినవాణ్ని మొదట సరంగుగా అనుమానించండి.

షావుకారు దగ్గరే అసలు చిక్కు. మధ్య కుర్చీ గౌరవ కుర్చీ. దాంట్లో అతిథిని కూర్చోబెట్టి, పిలిచినవాడు పక్కన సర్దుకోవడం మన మర్యాద. ఆ అతిథి జమీందారు కావచ్చు, తహసీల్దారు కావచ్చు, వియ్యంకుడు కావచ్చు. కుర్చీలు మూడుంటే మధ్యవాడి మీద కంటే అతని రెండు పక్కలవాళ్ల మీద కన్నేయండి. ఒళ్లో పిల్లాణ్ని కూర్చోబెట్టుకున్నవాడు ఉంటే అతను సాధారణంగా ఇంటివాడు. అతిథులు తమ పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగడం తక్కువ. చెప్పులను బట్టి హోదా తేల్చకండి. దింపుడు పూజ నాడు తీసిన ఫొటో అయితే షావుకారూ కూలీ అందరూ వట్టి కాళ్లతోనే ఉంటారు.

ముఖాలు పోల్చాలంటే కళ్లూ మీసాలూ వదిలేయండి. పాత స్టూడియోల్లో నెగెటివు మీద పెన్సిలుతో దిద్ది చెంపల గుంటలు పూడ్చేవాళ్లు, మీసం నల్లబరిచేవాళ్లు. దిద్దుబాటు అరుదుగా తగిలేది చెవికి. చెవి తమ్మె దవడకు అతుక్కుని ఉందా, వేలాడుతోందా, పై మడత ఎక్కడ తిరిగింది, ఇవి ముప్ఫై ఏళ్లకూ పెద్దగా మారవు. తమ్మె మాత్రం వయసుతో కాస్త సాగుతుంది. చెవి కలవకపోతే "ఇతను కాదు" అని చెప్పడానికి బలం వస్తుంది. చెవి కలిసినంత మాత్రాన "ఇతనే" అనకండి. అన్నదమ్ములవీ తండ్రీకొడుకులవీ ఒకేలా ఉంటాయి.

కొన్ని ఇళ్లలో ఫొటోలతో పాటు చిన్న ఫిల్ము రీలు కూడా దొరుకుతుంది. అదే దొరికితే పాఠం సగం తేలికవుతుంది, ఎందుకంటే ఫొటోలో అందరూ కదలకుండా నిలబడతారు గాని ఫిల్ములో ఎవరు ఎవరికి పని చెప్తున్నారో కనిపిస్తుంది. రీలు దొరకగానే ప్రొజెక్టరు ఎక్కించాలని చేతులు దురద పెడతాయి. ఎక్కించకండి. ముందు వాసన చూడండి. వెనిగరు వాసన వస్తే అసిటేట్ (ఫిల్ము పట్టీ చేసిన ప్లాస్టిక్) చెడుతోంది; మిగతా రీళ్ల నుంచి విడిగా పెట్టండి. తర్వాత కుంచించుకుపోయిందా కొలవాలి. 16 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 40 ఫ్రేములు కాబట్టి 100 ఫ్రేములు 762 మిల్లీమీటర్లు రావాలి. స్టీలు స్కేలు పక్కన ఫిల్మును లాగకుండా పరచి కొలవండి. 755 లోపు వస్తే దాదాపు ఒక శాతం కుంచించుకుపోయినట్టు. ప్రొజెక్టరు పళ్లు అంచు రంధ్రాలను చీల్చేస్తాయి, పళ్లు లేని స్కానరు మీదే తీయించాలి.

8 మిల్లీమీటర్లలో రెండు రకాలు. పాత రకానికి (1932 నుంచి) రంధ్రాలు పెద్దవి, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటాయి. సూపర్ 8కు (1965 నుంచి) రంధ్రాలు చిన్నవి, ఫ్రేము నడుముకు ఎదురుగా ఉంటాయి. పాతదానికి సెకనుకు 16 ఫ్రేములు, సూపర్ 8కు 18 మామూలు వేగం. డిజిటల్ చేసేవాళ్లు 24లో ఇచ్చేస్తే కూలీలు పరిగెడుతున్నట్టు, షావుకారు చేతులు ఊపేస్తున్నట్టు కనిపిస్తుంది. కోపంగా ఉన్నాడని ఎవరో రాసేస్తారు కూడా. 50 అడుగుల సూపర్ 8 రీలు 18లో 3 నిమిషాల 20 సెకన్లు నడవాలి. మీ ఫైలు రెండున్నర నిమిషాలకే అయిపోతే వేగం తప్పు.

కోడాక్ ఫిల్ము అయితే అంచున చిన్న గుర్తులుంటాయి. ఇవి 20 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ఒక్క చుక్క ఉంటే 1916, 1936, 1956, 1976. ఒక్క చతురస్రం అయితే వాటికి తర్వాతి ఏడు: 1917, 1937, 1957, 1977. ఒక్క త్రిభుజం ఆ తర్వాతిది. ఇది ఫిల్ము తయారైన ఏడాదే గాని తీసిన ఏడాది కాదు. పెట్టెలో రెండు మూడేళ్లు పడి ఉండి తర్వాత కెమెరాలోకి ఎక్కిన రీళ్లు బోలెడు. అసలు రీలు నుంచి ప్రింటు తీసినప్పుడు పాత గుర్తు కూడా కొత్తదాని మీదకు దిగుతుంది. అంచున రెండు రకాల గుర్తులు కనిపిస్తే ఒకటి అసలుది, ఒకటి కాపీది.

ఫిల్ములో మూడు చోట్ల ఆగి ఫ్రేము ఫ్రేముగా చూడండి. కొబ్బరికాయ కొట్టేచోట మొదటిది. కాయ కొట్టేది కూడా అతిథే కావచ్చు, కాబట్టి కొట్టినవాణ్ని కాదు, కాయ అందించినవాణ్ని గమనించండి. రెండోది, మేస్త్రీకి పంచెల చాపు, తాంబూలం పెట్టే చోటు. ఇల్లు కట్టినా, పడవ కట్టినా పని చేయించుకున్నవాడే మేస్త్రీకి బట్టలు పెడతాడు. ఈ దృశ్యం దొరికితే పడవ కట్టించినవాడు ఎవరో, మేస్త్రీ ఎవరో ఒకే ఫ్రేములో తేలుతుంది. మూడోది, పడవ జారుతున్నప్పుడు: అందరూ పడవ వైపు చూస్తుంటే ఒక్కడు తాళ్ల వైపు చూస్తూ చెయ్యెత్తి ఆపుతాడు. అతనిది పని బాధ్యత, డబ్బు బాధ్యత కాదు.

ఇంతవరకూ బొమ్మ చెప్పినవి. పేరు మాత్రం కాగితమే చెప్పాలి. 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద తెరచాప పడవలకు కూడా రిజిస్ట్రేషను ఉండేది. పడవ మీద పేరు, నంబరు, రేవు రాయాల్సి ఉండేది. ఫొటోలో నంబరు చదవగలిగితే రిజిస్ట్రేషను పత్రంలో పడవ ఓనరు పేరు వెతకొచ్చు. మళ్లీ గుర్తుచేస్తున్నాం, పడవ ఓనరు. యార్డు స్థలం కోసం అయితే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), ఆ ఊరి రెవెన్యూ కాగితాల్లో అడంగల్ (ఏ భూమి ఎవరి చేతిలో ఉందో రాసే పుస్తకం) చూడాలి.

హైదరాబాదులోనే ఉండి చేయగలిగింది కూడా ఉంది. పాత పత్రికల్లో కలప వ్యాపారుల ప్రకటనలు, పడవ దింపుడు వార్తలు వెతకడానికి సుల్తాన్‌బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోట్లు. తారీఖు పది రోజుల తేడాలో పట్టుకుని వెళ్లండి. "1930ల్లో" అని వెళితే ఏడాది గడిచినా బయటికి రారు. కలప గోదావరి పైన నిజాం అడవుల నుంచి వచ్చిన సందర్భం ఉంటే తార్నాక రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అటవీ శాఖ కాగితాలు చూడొచ్చు.

అక్కడ ఒక గొయ్యి ఉంది: ఫస్లీ, అంటే రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సరం. నిజాం కాగితాల్లో ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలై ఆబాన్‌తో ముగుస్తుంది. మద్రాసు వైపు రెవెన్యూ కాగితాల్లో ఫస్లీ జూలై 1న మొదలవుతుంది. చాలా నెలల్లో రెండిటికీ సంఖ్య ఒకటే, కానీ ఏడాది మారే హద్దులు వేరు. తార్నాకలో కలప పర్మిటు "ఆబాన్, 1340 ఫస్లీ" అని ఉంటే అది 1931 సెప్టెంబరు నాటిది. అదే నెల కాకినాడ రశీదు మీద 1341 ఫస్లీ అని ఉంటుంది. ఏడాది తేడా వచ్చిందని రెండు వేర్వేరు పడవలుగా లెక్కగట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. హైదరాబాదు ఫస్లీకి అక్టోబరు–డిసెంబరుల్లో 590, జనవరి నుంచి 591 కలపండి. మద్రాసు ఫస్లీకి జూలై–డిసెంబరుల్లో 590, జనవరి–జూన్‌లో 591.

ఫొటో వెనక రాయకండి. విడి కాగితం మీద ఇలా రాయాలి: "ముందు వరస, చూసేవారి ఎడమ నుంచి 3వ వ్యక్తి. పడవ కట్టించినవారు, బలమైన ఊహ. ఆధారం: రీలులో మేస్త్రీకి బట్టలు పెట్టిన దృశ్యం. యార్డు హక్కుదారు: తేలలేదు." ఊహకు మూడు మెట్లు చాలు: నిశ్చితం, బలమైన ఊహ, అనుమానం. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలుంటేనే "నిశ్చితం" వాడండి. ఇంట్లో ఇద్దరు చెప్పిన మాట రెండు ఆధారాలు కాదు. ఇద్దరూ ఒకే అమ్మమ్మ దగ్గర విని ఉంటారు.

అభ్యాసం (ఈ ఫొటో పాఠం కోసం ఊహించింది): పదకొండుమంది, మూడు కుర్చీలు. మధ్య కుర్చీలో కోటు వేసుకున్న ఆయన, చేతిలో పూలదండ. కుడి కుర్చీలో మీసాలాయన, ఒళ్లో పిల్లాడు. ఎడమ కుర్చీ ఖాళీ. దాని వెనక నిలబడినవాడి చెవి మీద పెన్సిలు. పడవ మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. వెనక సిరాతో "మెహర్ 1342 ఫస్లీ" అని ఉంది (మెహర్ అంటే ఆబాన్‌కు ముందు నెల). కాగితం అంచు నీలంగా మెరుస్తోంది. ఎవరు ఎవరో, కుడి ఎడమలు సరిచేసి, తారీఖుతో సహా మూడు మెట్లలో రాయండి. ఖాళీ కుర్చీ ఎవరిదై ఉంటుందో కూడా ఒక్క వాక్యంలో రాయండి.