'రన్' అంటే పరుగొక్కటే కాదు

ఇంగ్లీషు చదివేటప్పుడు 'రన్' కనబడగానే 'పరుగెత్తు' అని పక్కన అర్థం రాసేసుకుంటున్నారా? కాస్త ఆగండి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీలో ఈ ఒక్క క్రియకే 600కు పైగా అర్థాలున్నాయి. 1989 ఎడిషన్‌లో 430 అర్థాలతో 'సెట్' ముందుండేది, తర్వాత 'రన్' దాన్ని దాటేసింది. ఇవన్నీ బట్టీ పట్టడం ఎవరివల్లా కాదు, అక్కర్లేదు కూడా.

నేను చేసేది ఒక్కటే. 'రన్'ను వదిలేసి దాని పక్కమాట పట్టుకుంటాను. పక్కన ముక్కు ఉంటే కారడం. కొళాయి అయితే నీళ్లు రావడం. హోటలో, స్కూలో ఉంటే నడపడం. బస్సు అయితే తిరగడం. ఎలక్షన్ మాట వచ్చి, వెనకాల 'ఫర్' ఉంటే పోటీ చేయడం. ఉతికిన కొత్త చీర రంగు 'రన్' అయిందంటే, పాపం, రంగు దిగిందని!

మనకిదేం కొత్త కాదు. కొబ్బరికాయ కొడతాం, ఈల కొడతాం, బండికి పెట్రోల్ కొట్టిస్తాం, కూర మాడితే వాసన కొడుతుంది. ఎక్కడైనా తికమకపడ్డామా?

అసలు టెన్షన్ చివర తగిలే చిన్న మాటలతోనే. 'రన్ అవుట్ ఆఫ్ మిల్క్' అంటే పాలు అయిపోయాయని, క్రికెట్‌తో సంబంధం లేదు. 'రన్ ఇంటూ' తర్వాత ఫ్రెండ్ ఉంటే అనుకోకుండా ఎదురుపడటం, గోడ ఉంటే గుద్దుకోవడం. అందుకే నోట్‌బుక్‌లో 'రన్' అని ఒంటరిగా కాకుండా, పక్కమాటతో కలిపి రాసుకోండి.