గుర్రం కుంటుతుంటే ముందు డెక్క చూడండి

గుర్రం కుంటగానే చాలామంది భుజం తడుముతారు. కానీ ముంగాలి కుంటుకు కారణం ఎక్కువసార్లు డెక్కలోనే దొరుకుతుంది.

ముందు ఏ కాలో తేల్చుకోవాలి. గట్టి, చదును నేల మీద ఒకరు పగ్గం వదులుగా పట్టుకుని గుర్రాన్ని ట్రాట్‌లో, అంటే నడక కంటే వేగమైన మెల్లటి పరుగులో, తీసుకెళ్లాలి. పగ్గం బిగిస్తే తల ఊపు తెలియదు. మీరు ఎదురుగా, వెనకగా, పక్కగా నిలబడి చూడండి. ట్రాట్‌లో కాళ్లు ఐమూలగా జంటలుగా, ఒకే లయలో పడతాయి కాబట్టి నడకలో దాగిన తేడా బయటపడుతుంది. నొప్పి ఉన్న ముంగాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు పడినప్పుడు కిందికి వంగుతుంది. దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటే మంచి కాలికి వైద్యం చేస్తారు. వెనక కాలైతే నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా పైకీ కిందికీ ఊగుతుంది.

తర్వాత డెక్క ఎత్తి మట్టంతా తీసేయండి. నాలుగు డెక్కలకూ అరచేతి వెనకవైపు ఆనించి వేడి పోల్చండి. ఎండలో నిలబడితే అన్నీ వేడిగానే ఉంటాయి, తేడాయే ముఖ్యం. ఆపైన డెక్కకు ఎగువనున్న కీలు వెనక, రెండు పక్కలా వేళ్లతో మెల్లగా నొక్కి నాడి చూడండి. బాగున్న కాలిలో అది సన్నగా తగులుతుంది, ఒక్కోసారి అసలు దొరకదు. వేళ్లకు గట్టిగా కొడుతుంటే డెక్కలో వాపు ఉన్నట్టే.

ఒక్క కాలే వేడెక్కి, ఉన్నట్టుండి దాన్ని నేలకు ఆనించలేకపోతే చాలాసార్లు లోపల చీము పట్టి ఉంటుంది. చిన్న రంధ్రం చేసి చీము పోనిస్తే నొప్పి త్వరగా తగ్గుతుంది. ఎముక విరిగినా ఇలాగే కుంటుతుంది, అందుకే ఆ పని పశువైద్యుడికే వదలండి.

అడుగున మేకు గుచ్చుకుని ఉంటే పీకకండి. అది ఎంత లోతుకు, ఎటు వెళ్లిందో ఎక్స్‌రేలో తెలియాలి. నడిస్తే ఇంకా లోపలికి దిగేలా ఉండి తీయక తప్పకపోతే, చోటు, దిశ, లోతు గుర్తుపెట్టుకోండి. టెటనస్ టీకా సంగతి వెంటనే అడగండి.

రెండు ముంగాళ్లూ వేడిగా ఉండి, గుర్రం బరువంతా వెనక్కి వేసి, మలుపు తిరగడానికి మొరాయిస్తే లామినైటిస్ అనుకోండి. దాణా అతిగా తిన్నాక ఇది తరచూ వస్తుంది. లోపలి ఎముకను డెక్క గోడకు పట్టి ఉంచే పొరలు చిరుగుతుంటాయి. నడిపిస్తే ఇంకా చిరుగుతాయి. దాణా ఆపి, మందంగా మెత్తటి పక్క పరిచి, మోకాలి కిందివరకు ఐసు నీళ్లలో ఉంచి వైద్యుణ్ణి పిలవండి. ఐసు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

వైద్యుడు చూడకముందు నొప్పి మందు ఇవ్వకండి. కుంటు దాగిపోతుంది, గుర్రం ఆ కాలి మీదే బరువు వేసి గాయం పెంచుకుంటుంది.

ప్రతి ఇబ్బందీ కాలిదే కాదు: కాళ్లతో నేల తవ్వడం, డొక్కవైపు చూడడం, దొర్లడం, లద్ది వేయకపోవడం కడుపునొప్పి గుర్తులు. మేత తీసేయండి. నోట్లో నూనె, కషాయం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రం నాడి నిమిషానికి 28–44, శ్వాస 8–16, వేడి 37.2–38.3 డిగ్రీల సెల్సియస్. పంటి చిగురు నొక్కి వదిలితే 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. నాడి 60 దాటితే ఒక్క నిమిషం ఆగొద్దు.

ఫోను చేసేటప్పుడు ఈ అంకెలు, ఏ కాలు, ఎప్పటినుంచి, చివరిసారి లద్ది ఎప్పుడు వేసిందో ముందే కాగితం మీద రాసుకోండి.