ఈల్ ఓ సెర్ ద్వీపంలో గోల్ఫ్: గాలి, ఉప్పు, పీత బొరియలు

మారిషస్ తూర్పు తీరాన ట్రూ డో డూస్ ఊరికి ఎదురుగా ఉంటుంది ఈల్ ఓ సెర్ ద్వీపం. జర్మన్ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ డిజైన్ చేసిన 18 హోల్స్, పార్ 72 (అన్ని హోల్స్‌నూ 72 షాట్లలో ముగించాలన్న లెక్క) కోర్సు అక్కడ 2003లో మొదలైంది. పడవలోనే వెళ్లాలి కాబట్టి టీ టైమ్‌కు (ఆట మొదలెట్టే వేళకు) గంట ముందే రేవు చేరుకుంటే పది బంతులు కొట్టి ఒళ్లు సడలించుకునే వీలుంటుంది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. పండక్కి బంధువుల ఇంటికి వెళ్లి ఆ రోజే ఆడాలనుకునేవాళ్లు ముందుగా బుక్ చేసుకోవడం మంచిది.

మొదట స్కోర్‌కార్డులో దూరాలు మీటర్లలో ఉన్నాయా, గజాల్లోనా చూడండి. గజాలకు అలవాటుపడ్డ మనవాళ్లు 140 అని కనిపించగానే 140 గజాల క్లబ్ (బంతిని కొట్టే కర్ర) తీస్తారు. 140 మీటర్లంటే 153 గజాలు. బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) ముందున్న నీళ్లలో పడుతుంది, తప్పు స్వింగ్ మీదికి పోతుంది. మీటర్లకు పదో వంతు కలిపితే గజాలు దాదాపు వచ్చేస్తాయి.

ఏ టీ (తొలి షాట్ కొట్టే చోటు) నుంచి ఆడాలో తేల్చుకోవడానికి 5 ఐరన్ అనే లోహపు తల క్లబ్‌తో మీ బంతి వెళ్లే దూరాన్ని 36తో హెచ్చవేయండి. 140 మీటర్లయితే 5,040 మీటర్లు. కార్డులో ఆ పొడవుకు దగ్గరగా ఉన్న టీ ఎంచుకోండి. వెనక టీల మీద మోజు ఈ కోర్సులో పనికిరాదు, నీళ్ల మీదుగా దాటించాల్సిన దూరం ఒక్కసారిగా పెరిగిపోతుంది. బ్యాగులో కనీసం డజను బంతులు ఉండాలి, ఖరీదైనవి మాత్రం వద్దు.

ఇక గాలి. సగం స్కోరు దాని చేతిలోనే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ గాలులు జోరుగా వీస్తాయి, తూర్పు తీరానికి నేరుగా తగులుతాయి. పొద్దున్నే కాస్త నెమ్మదిగా ఉంటుంది కాబట్టి తొలి టీ టైమ్‌లకే అంత గిరాకీ. నోటిలెక్క ఇది: గంటకు 16 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే దూరానికి పదో వంతు కలపండి. అదే గాలి వెనక నుంచి వస్తే ఇరవయ్యో వంతు మాత్రమే తగ్గించండి. ఎదురుగాలి తినేసినంతా వెనకగాలి తిరిగి ఇవ్వదు.

జెండా 130 మీటర్లలో ఉంది, ఎదురుగాలి 30 కిలోమీటర్లు అనుకుందాం. అంటే ఆడాల్సింది దాదాపు 155 మీటర్ల షాట్. లెక్కకు రెండు క్లబ్‌లు, నెమ్మది స్వింగ్ కోసం ఇంకొకటి, మొత్తం మూడు మెట్లు పెద్ద (ఎక్కువ దూరం కొట్టే) క్లబ్ తీయండి. గ్రిప్ ఒక అంగుళం కిందికి పట్టుకుని, బంతిని మామూలు చోటు నుంచి ఒక బంతి వెడల్పు వెనక్కి జరిపి, ముప్పావు స్వింగ్‌తో కొట్టండి. చిన్న క్లబ్ తీసి బలమంతా పెట్టేవాళ్లే ఎక్కువ. బలం పెరిగితే స్పిన్ పెరుగుతుంది, బంతి పైకి లేచి గాలిలో ఆగిపోయినట్టై అక్కడే కూలిపోతుంది.

సరుగుడు, కొబ్బరి చెట్ల చాటున ఉన్న టీ మీద గడ్డి పరకలు ఎగరేస్తే గాలి లేనట్టే అనిపిస్తుంది. చెట్ల కొసలూ గ్రీన్ మీది జెండా ఎటు ఊగుతున్నాయో చూసి క్లబ్ తీయండి. పక్కగాలిలో బంతిని కావాలని వంచే ప్రయత్నం వద్దు. గాలి వచ్చే వైపుకు గురిపెట్టి మామూలు షాట్ కొడితే గాలే తెచ్చి మధ్యలో పడేస్తుంది. అది లగూన్ (ద్వీపం చుట్టూ ఉన్న లోతు తక్కువ సముద్రపు నీరు) వైపు తోసే గాలైతే మాత్రం డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) బయటికి తీయకండి.

ఉప్పునీటిని తట్టుకుంటుందని ఉష్ణమండల తీర కోర్సుల్లో సీషోర్ పాస్పాలం గడ్డి ఎక్కువగా వేస్తారు. ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా కురచగా కత్తిరించిన పచ్చిక) మీద అది బంతిని పైకెత్తి పట్టుకుంటుంది, ఆడటం సుఖం. రఫ్‌లో (దాని పక్కనున్న పొడవాటి గడ్డిలో) మాత్రం క్లబ్‌కు చుట్టుకుంటుంది, అక్కడ పొడవాటి ఐరన్ వద్దు, వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్‌తో) బయటపడండి. గ్రీన్ అంచున బంతిని దొర్లిస్తే ఆ గట్టి పరకలు పట్టేస్తాయి. చిప్‌ను (గ్రీన్ దగ్గర కొట్టే చిన్న షాట్‌ను) అంచు దాటించి నేరుగా గ్రీన్ మీదే దించాలి.

బంతి పీత బొరియలో పడినా, బొరియ మీ కాళ్ల కింద అడ్డొచ్చినా పెనాల్టీ లేకుండా ఊరట దొరుకుతుంది. 2019 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం బొరియ పూర్తిగా తప్పే దగ్గరి చోటు చూసుకుని, అక్కడి నుంచి ఒక క్లబ్ పొడవులోపు, హోల్‌కు దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి బంతి వదలాలి. బంకర్‌లో (ఇసుక గుంతలో) అయితే బంకర్‌లోనే వదలాలి. ఎర్ర గుర్తుల నీటి ప్రాంతం లోపల ఈ ఊరట లేదు. పొద వేళ్లలో ఇరుక్కుని ఎలాగూ కొట్టలేని బంతికి పక్కనున్న బొరియ సాకు చెప్పినా చెల్లదు. రాలిన కొబ్బరికాయనూ పగడపు ముక్కలనూ తీసేయొచ్చు, బంకర్‌లో కూడా. తీసేటప్పుడు బంతి కదిలితే ఒక స్ట్రోక్ పెనాల్టీ, కాబట్టి బంతికి ఆనుకున్న ముక్క జోలికి పోకండి. లగూన్ ఎర్ర గుర్తులతో ఉంటే, బంతి గట్టు దాటిన చోటు నుంచి రెండు క్లబ్‌ల పొడవులో ఒక పెనాల్టీతో వదలొచ్చు. కోర్సు హద్దులు చూపే తెల్ల గుర్తులు దాటితే మళ్లీ మొదటి చోటుకే. బంతి వెతకడానికి మూడు నిమిషాలే.

సన్‌స్క్రీన్‌ను అరచేతులతో రాసి క్లబ్ పట్టుకుంటే జారుతుంది, చేతి వెనక భాగంతో రాసుకోండి. రెండు మూడు గ్లవ్‌లు తీసుకెళ్లి ఐదారు హోల్స్‌కొకసారి మార్చండి. తడిసినదాన్ని బ్యాగులో కుక్కకుండా కార్ట్ చువ్వకు తగిలిస్తే గాలికి ఆరుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి రెండు హోల్స్‌కూ గ్లాసు నీళ్లు తాగండి, సగం ఆట తర్వాత ఓఆర్‌ఎస్ కలుపుకోండి. నవంబరు నుంచి మే నెల సగం వరకు తుపాన్ల కాలం. ఆట ఆపమని హారన్ వినిపిస్తే పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్) మధ్యలో ఉన్నా ఆపేయాల్సిందే.

ఆట కాగానే క్లబ్ తలలనూ షాఫ్ట్‌లనూ మంచినీళ్లతో కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఉప్పు తేమ మీద కవర్ తొడిగితే పూత లేని వెడ్జ్‌లకు త్వరగా తుప్పు పడుతుంది. బ్యాగు జిప్‌లనూ షూల అడుగులనూ కూడా కడగండి, గదికి వెళ్లాక బ్యాగు తెరిచే ఉంచండి.