మళ్ళీ టైపు చేయకండి: కంప్యూటర్లో, ఫోనులో తెలుగు చెడినప్పుడు

విజయవాడ గవర్నర్‌పేటలో నేను డీటీపీ పని చేస్తాను. శుభలేఖల నుంచి పుస్తకాల దాకా అన్నీ వస్తాయి. పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, "అక్షరాలన్నీ పోయాయండీ, మళ్ళీ కొట్టించాలంటే ఎంతవుతుంది?" అని అడిగేవారు వారంలో ఇద్దరైనా ఉంటారు. నేను ముందు అడిగేది ఒకటే: తెలుగు ఉండాల్సిన చోట ఏమి కనిపిస్తోంది? ఇంగ్లిషు పిచ్చి అక్షరాలా, ఖాళీ గడులా, ప్రశ్న గుర్తులా? ఇవి మూడూ వేర్వేరు జబ్బులు. వీటిలో ఒక్కదానిలోనే అక్షరాలు నిజంగా పోతాయి. మిగతా రెండింటిలో రాసింది రాసినట్టే ఫైలులో భద్రంగా ఉంటుంది. ఈ తేడా తెలియక వందల పేజీలు మళ్ళీ టైపు చేయించుకున్నవారిని చూశాను. ఆ డబ్బు, ఆ శ్రమ ఇంకెవరికీ వృథా కాకూడదు.

ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న అక్షరాలు కనిపిస్తే

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. చాలా ఏళ్ళ కిందట టైపు చేయించుకున్న ఆత్మకథ, నూట ఎనభై పేజీలు. అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అర్థం లేని ఇంగ్లిషు. "వైరస్ పట్టిందన్నారు బాబూ, మళ్ళీ కొట్టించుకోవాలట" అన్నారు. ఆయన గొంతులో దిగులు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"మాస్టారూ, మీ పుస్తకం ఎక్కడికీ పోలేదు" అని, మొత్తం సెలెక్ట్ చేసి, పైన ఫాంటు పేరు ఉండే గడి చూపించాను. అందులో ప్రియాంక అని ఉంది. అది అను ఫాంటు.

కారణం ఇది. అను లాంటి పాత ఫాంటులతో టైపు చేసినప్పుడు కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు, ఏదో ఒక ఇంగ్లిషు అక్షరాన్ని లేదా గుర్తును. ఫాంటు దానికి తెలుగు బొమ్మను తొడుగుతుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడుతుంది. ఇక్కడి అచ్చు పనిలో ఈ పద్ధతి ఇన్నాళ్ళు నిలబడటానికి పెద్ద కారణం పేజ్‌మేకర్. అచ్చుకు పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ అది, దాని చివరి వర్షన్ 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ తెలియదు. యూనికోడ్ అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే, అన్ని యంత్రాలకూ ఉమ్మడి పద్ధతి. పని బాగా చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ కాబట్టి ఎవరూ వదలలేదు.

పరిష్కారం రెండు రకాలు. చదువుకుని ప్రింటు తీసుకుంటే చాలు అనుకుంటే, ఆ ఫాంటును మీ కంప్యూటర్లో వేయించుకోండి, తెలుగు వెంటనే ప్రత్యక్షమవుతుంది. వాట్సాప్‌లో పంపాలన్నా, ఇంటర్నెట్‌లో పెట్టాలన్నా మాత్రం యూనికోడ్‌లోకి మార్చాలి. అందుకు కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అక్కడ రెండు చోట్ల పొరపాటు పడుతుంటారు. మొదటిది, టైపు చేసింది ఏ ఫాంటులో అయితే ఆ ఫాంటుకు సరిపడే కన్వర్టర్‌నే ఎంచుకోవాలి. తెలుగు సగం కుదిరి సగం కుదరకపోతే ఎంపిక తప్పిందని అర్థం. రెండవది, మీ ఫైలులో నిజమైన ఇంగ్లిషు మాటలు ఉంటే కన్వర్టర్ వాటినీ తెలుగే అనుకుని పిచ్చి అక్షరాలుగా మార్చేస్తుంది. వాటిని ముందే గుర్తు పెట్టుకుని, చివర విడిగా చేర్చండి. మార్చిన తర్వాత అంకెలు, కోట్ గుర్తులు, అరుదుగా వచ్చే వత్తులు ఒకసారి కంటితో చూసుకోవాలి. మాస్టారి పుస్తకం మార్చడానికి ఒక పూట పట్టింది, ప్రూఫ్ చూడటానికి మూడు రోజులు పట్టింది. మళ్ళీ టైపు చేయించి ఉంటే నెల పైనే అయ్యేది, కొత్త తప్పులు వేరే.

ఒక హెచ్చరిక. అను ఫైలులో ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి, ఫాంటు లేకుండా వేరే చోట అతికించకండి. అక్కడ ఆ తెలుగు ఏ ఫాంటుదో చెప్పే ఆధారం పోతుంది.

ఖాళీ గడులు కనిపిస్తే

ఇది అన్నిటికన్నా తేలిక. అక్షరం ఉంది, దాని బొమ్మ గీయడానికి ఫాంటు లేదు, అంతే. ఈ గడులకు టోఫు అని పేరు. గూగుల్ తన ఫాంటులకు నోటో అని పేరు పెట్టింది "నో టోఫు" అన్న మాట నుంచే. నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దించుకోవచ్చు. శుభలేఖలకు, కరపత్రాలకు అందమైన అక్షరాలు కావాలంటే మండలి, గురజాడ, రామభద్ర, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అన్నవి కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. అన్నీ యూనికోడ్ ఫాంటులు.

ఫోనులో తెలుగంతా బాగుండి ఎక్కడో ఒక్క గడి కనిపిస్తే కంగారు వద్దు. అది సాధారణంగా మీ ఫోనుకు తెలియని కొత్త ఎమోజీ.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది. పాత కంప్యూటర్లో నలభై పేజీలున్న వర్డ్ ఫైలు కొత్త దానిలో నలభై నాలుగు అవుతుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి ఉన్న గౌతమి ఫాంటు విండోస్ 10లో అడిగితే తప్ప రాదు. దాని బదులు నిర్మల వచ్చి కూర్చుంటుంది, వరుసలు జరుగుతాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే గౌతమి, వాణి రెండూ తిరిగి వస్తాయి.

ప్రశ్న గుర్తులు కనిపిస్తే

ఇక్కడ మాత్రం అబద్ధపు ధైర్యం చెప్పలేను. వరుసగా ప్రశ్న గుర్తులుంటే అక్షరాలు నిజంగా పోయాయి. తెలుగు తెలియని పద్ధతిలో ఫైలును సేవ్ చేసినప్పుడు, తనకు తెలియని ప్రతి అక్షరానికీ కంప్యూటర్ ఒక ప్రశ్న గుర్తు రాసి పెట్టుకుంటుంది. అసలు అక్షరం ఏమిటో ఇక దాని దగ్గర లేదు. పాత నోట్‌ప్యాడ్ ఆన్సీ అనే, తెలుగు లేని పాత పద్ధతిలో సేవ్ చేస్తూ ఇలా చేసేది. చేసే ముందు యూనికోడ్ అక్షరాలు పోతాయని హెచ్చరించేది కూడా. చదవకుండా సరే అని నొక్కేవాళ్ళం. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) సేవ్ చేస్తోంది కాబట్టి ఈ బెడద తగ్గింది.

ఫైలు ఇంకా మూయకపోతే కంట్రోల్, జెడ్ నొక్కి చూడండి. మూసేస్తే, ఆ ఫైలును ఎవరికైనా వాట్సాప్‌లో, మెయిల్‌లో పంపారేమో వెతకండి. కాగితం మీద ప్రింటు ఉంటే దాన్ని ఫోనుతో ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. ఫొటోలోని తెలుగును అది అక్షరాలుగా చదివి ఇస్తుంది. వెలుతురు సమంగా పడేలా, కాగితం ముడత లేకుండా తీస్తే తప్పులు తక్కువ.

ఎక్సెల్‌లో పేర్లన్నీ చెడిపోతే

అపార్ట్‌మెంట్ల జాబితాలు, బడి పిల్లల పేర్లు తెచ్చేవారికి వచ్చే చిక్కు ఇది. సీఎస్‌వీ (జాబితాను కామాలతో విడదీసి దాచే సాదా) ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే, నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లిషు "ఏ" (à), దాని పక్కన డిగ్రీ గుర్తు (°) మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఆ జంట కనిపించిందంటే సంతోషించండి, తెలుగు చెక్కుచెదరలేదు. యూటీఎఫ్-8లో ఉన్నదాన్ని ఎక్సెల్ వేరే పద్ధతిలో చదివింది. సేవ్ చేయకుండా మూసేయండి. ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్‌వీ నొక్కి ఆ ఫైలును ఎంచుకోండి. ఫైల్ ఆరిజిన్ అన్న చోట 65001, యూనికోడ్ యూటీఎఫ్-8 పెట్టండి. పేర్లు కళ్ళ ముందే తెలుగులోకి వస్తాయి. ఇకపై సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నదాన్నే ఎంచుకోండి.

వత్తులు విడిపోతే, చుక్కల సున్నా వస్తే

చుక్కలతో గీసిన వలయం మీద గుణింతం ఒంటరిగా కూర్చుంటే, ఆ గుర్తుకు ముందు హల్లు లేదని అర్థం. టైపు చేసేటప్పుడు మధ్యలో స్పేస్ పడి ఉంటుంది, లేదా వరుస తప్పి ఉంటుంది. యూనికోడ్‌లో కంటికి కనిపించే వరుస కాదు, పలికే వరుస ముఖ్యం. ఇన్‌స్క్రిప్ట్ అనే, భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డులో "ప్రకాశం" అనే మాటలో మొదటి అక్షరం కొట్టాలంటే హెచ్ మీట ప, డి మీట పొల్లు, జె మీట ర. మూడూ ఆ వరుసలో పడితే క్రారవడి తానే వస్తుంది.

మాట సరిగానే టైపు చేసినా ఫొటోషాప్‌లో మాత్రమే వత్తులు విడిపోతుంటే, తప్పు మీది కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న చోట వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. పాత వర్షన్లలో దాన్నే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అంటారు. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో అడోబ్ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఉంటుంది. ఈ ఒక్క మార్పు తెలియక, యూనికోడ్ అచ్చుకు పనికిరాదని అనుకున్న ప్రెస్సు వాళ్ళు మా ఊళ్ళో చాలామంది. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అతుక్కోకూడని చోట వత్తు అతుక్కుంటే

"ఏలూరు రోడ్‌లో" అని రాయబోతే "రోడ్లో" అని వస్తుంది. "రాజ్‌కుమార్" కాస్తా "రాజ్కుమార్" అవుతాడు. పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా మార్చడం కంప్యూటర్ ధర్మం. ఆపాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు పెట్టాలి. వర్డ్‌లో పొల్లు తర్వాత 200సి అని ఇంగ్లిషులో కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఫోనులో అయితే సరిగా ఉన్న మాటను ఎక్కడి నుంచైనా కాపీ చేసి, కీబోర్డులోని పర్సనల్ డిక్షనరీలో దాచుకోవడం మేలు. శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు ఇలా తప్పు పడితే ఇంటివాళ్ళు ఎంత నొచ్చుకుంటారో నాకు తెలుసు.

చిన్నచిన్నవి

పాస్‌వర్డు సరైనదే కొట్టినా తీసుకోవడం లేదా? ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ కలిసి వేలికి తగిలి కీబోర్డు తెలుగులోకి మారి ఉంటుంది. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిషుకు రండి.

వెనక్కి చెరిపే బ్యాక్‌స్పేస్ అక్షరం మొత్తం తీయడం లేదా? అది లోపం కాదు, అది ఒక్కో గుర్తునే తీస్తుంది. "శం"లో మొదట సున్నా పోతుంది, తర్వాత శ. అక్షరం మొత్తం ఒకేసారి పోవాలంటే కర్సర్‌ను దాని ముందు పెట్టి డిలీట్ నొక్కండి.

దుకాణం నుంచి తెలుగులో ఎస్ఎంఎస్ పంపితే రెండింటి డబ్బు పడుతోందా? ఇంగ్లిషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు, తెలుగులో 70. అది దాటితే ఒక్కో ముక్కకు 67. పైగా లెక్క మనం చదివే అక్షరాలది కాదు. గుణింతం, సున్నా, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "గుంటూరు" మన కంటికి మూడక్షరాలు, ఫోనుకు ఏడు. కాబట్టి దసరా శుభాకాంక్షలు పంపే ముందు మీ సందేశాన్ని ఆ లెక్కన ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. చివర్లో ఒక్క "మీ" తీసేస్తే ఒకే ఎస్ఎంఎస్‌లో సరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి.